టెక్సాస్‌లో రాత్రిపూట స్టోర్ మూసేవాళ్ళు నడుముకి పెట్టుకోవడానికి ఏ పిస్టల్ కొనాలి?

మీరు అడిగింది ఇది: డల్లాస్ శివార్లలో గ్యాస్ స్టేషన్, దానికి ఆనుకుని స్టోర్ నడుపుతున్నారు. రాత్రి మూసేశాక క్యాష్ పట్టుకుని ఒక్కరే కారు దాకా నడవాలి. పోయినేడు మీకూ మీ ఆవిడకీ గ్రీన్ కార్డులు వచ్చాయి. చట్టప్రకారం చొక్కా కింద పెట్టుకుని తిరగడానికి గ్లాక్ 19 కొనాలా, సిగ్ పీ365 కొనాలా, లేక గన్ షాపులో పెద్దాయన చెప్పినట్టు చిన్న రివాల్వర్ తీసుకోవాలా అని. అవసరమైతే మీ ఆవిడ కూడా వాడగలగాలి అన్నారు. వేసవిలో అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తున్నారని కూడా రాశారు.

నేను ఇక్కడ కొన్నేళ్ళుగా గన్ లైసెన్స్ క్లాసులు చెబుతున్నాను. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మీకు కావలసింది సన్నగా ఉండే, 9 ఎంఎం సైజు తూటాలు వాడే పిస్టల్. సిగ్ పీ365 ఎక్స్‌ఎల్, గ్లాక్ 43ఎక్స్, స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ప్లస్, ఈ మూడింట్లో మీ చేతికి కుదిరింది తీసుకోండి. మూడూ రేంజ్‌లో (కాల్చడం సాధన చేసే చోట) అద్దెకి దొరుకుతాయి. కాల్చి చూడకుండా దేనికీ డబ్బు కట్టొద్దు. చిన్న రివాల్వర్ మాత్రం మొదటి గన్‌గా వద్దు.

ఎందుకో చెప్పే ముందు మన స్టేటస్ సంగతి తేల్చుకోవాలి. మనవాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేది అక్కడే. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బీ (ఉద్యోగం), ఎఫ్1 (చదువు), హెచ్4 (హెచ్1బీ వాళ్ళ కుటుంబం), బీ2 (విజిటర్) లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. కానీ దాన్ని నమ్ముకుని వీసా మీద ఉన్నవాళ్ళు పిస్టల్ కొనాలనుకుంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవాల్సిందే. మీ ఇద్దరికీ గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఆ అడ్డు లేదు. డీలర్ దగ్గర పిస్టల్ కొనడానికి 21 ఏళ్ళు నిండాలి. ఫారం 4473 అనే ఫెడరల్ ఫారం నింపాలి, అందులో గ్రీన్ కార్డు మీద ఉండే మీ 'ఏ-నంబర్' (ఏలియన్ నంబర్) రాయాలి, తర్వాత ఎఫ్‌బీఐ బ్యాక్‌గ్రౌండ్ చెక్ జరుగుతుంది. మనలాంటి పేర్లకి ఒక్కోసారి 'డిలే' అని వస్తుంది. టెన్షన్ పడొద్దు, అది తిరస్కరించడం కాదు. ఆ ఫారంలో గంజాయి వాడకం గురించి ప్రశ్న ఉంటుంది. కొలరాడోలో చట్టబద్ధమే కదా అనుకోవద్దు, ఫెడరల్ లెక్కలో కాదు. ఈ గన్ మీకోసమేనా అనే ప్రశ్న కూడా ఉంటుంది. హెచ్1బీ మీద ఉన్న స్నేహితుడు డబ్బులిచ్చి "నీ పేరు మీద నాకొకటి కొనిపెట్టు" అంటే మొహమాటపడకుండా కుదరదని చెప్పండి. అది ఫెడరల్ నేరం.

మీ స్టోర్‌లో రాత్రి షిఫ్టు చేసే కుర్రాళ్ళ మాట కూడా ఇక్కడే చెప్పాలి. చాలా స్టోర్లలో కౌంటర్ కింద ఒక గన్ పడేసి ఉంచుతారు, ఎవరు కౌంటర్‌లో ఉంటే వాళ్ళకి అందేలా. కౌంటర్‌లో ఉన్నది స్టూడెంట్ వీసా మీద వచ్చిన కుర్రాడైతే, దాన్ని తాకినందుకు అతనికీ, తెలిసి అందుబాటులో పెట్టినందుకు మీకూ కేసు వస్తుంది. తుపాకీ కేసుల్లో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళని కూడా దేశం నుంచి పంపించేయొచ్చు. పన్నెండు, పదిహేనేళ్ళు క్యూలో నిలబడి తెచ్చుకున్న కార్డు అది. గన్ మీ ఒంటి మీద ఉండాలి, లేదా సేఫ్‌లో తాళం వేసి ఉండాలి. మూడో చోటు లేదు.

ఇక గన్ సంగతికి వస్తాను.

గ్లాక్ 19 చాలా మంచి పిస్టల్. 1988 నుంచి ఉంది, పోలీసులు వాడతారు, మ్యాగజైన్‌లో (తూటాలు నింపే డబ్బా) 15 రౌండ్లు, అంటే 15 తూటాలు పడతాయి, విడిభాగాలు, హోల్స్టర్లు (నడుముకి గన్ పెట్టుకునే ఒరలు) ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. ఇంట్లో బెడ్‌రూమ్ సేఫ్‌లో పెట్టుకోవడానికి ఒకటే గన్ చెప్పమంటే అదే చెబుతాను. కానీ నిండా లోడ్ చేస్తే 850 గ్రాముల దాకా తూగుతుంది, పట్టు దగ్గర లావుగా ఉంటుంది. మీ పని ఒకసారి కళ్ళముందు తెచ్చుకోండి. పై అరలోంచి సిగరెట్ కార్టన్లు దించుతారు. వంగి ఐస్ బస్తాలు ఎత్తుతారు. కూలర్ వెనక్కి వెళ్ళి బీర్ కేసులు సర్దుతారు. పన్నెండు గంటలు స్టూల్ మీద కూర్చుని లేస్తారు. పలచని పోలో టీషర్ట్ కింద గ్లాక్ 19 పెట్టుకుని ఇవన్నీ చేయొచ్చు, చేసేవాళ్ళున్నారు. కానీ కొత్తగా మొదలుపెట్టినవాళ్ళలో ఎక్కువమంది మూడో వారానికి దాన్ని కారు గ్లవ్ బాక్స్‌లో వదిలేయడం చూస్తున్నాను. కార్లోంచి దొంగలు ఎత్తుకుపోయే గన్‌లు అలా వదిలేసినవే.

2018లో సిగ్ పీ365 వచ్చాక ఈ లెక్క మారిపోయింది. అంతకుముందు సన్నటి పిస్టల్ అంటే ఆరు, ఏడు, మహా అయితే ఎనిమిది రౌండ్లు. వీళ్ళు మ్యాగజైన్ ఆకారం మార్చి అంతే చిన్న పిస్టల్‌లో పది రౌండ్లు పట్టించారు. మరుసటి ఏడాది పీ365 ఎక్స్‌ఎల్, గ్లాక్ 43ఎక్స్, స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్ వచ్చాయి, 2021లో షీల్డ్ ప్లస్ వచ్చింది. ఇవన్నీ ఇంచుమించు ఒక అంగుళం మందం, ఖాళీగా ఐదారు వందల గ్రాముల బరువు, పది నుంచి పదమూడు రౌండ్లు. మీ పనికి ఈ సైజు సరిపోతుంది.

మామూలు పీ365 కాకుండా ఎక్స్‌ఎల్ ఎందుకు చెప్పానంటే, పట్టు కొంచెం పొడుగు. పట్టు పొట్టిగా ఉంటే చిటికెనవేలు గాల్లో వేలాడుతుంది, కాల్చినప్పుడల్లా పిస్టల్ చేతిలో కదులుతుంది, మళ్ళీ సర్దుకోవాలి. మన మగవాళ్ళ చేతులకి చాలావరకు ఎక్స్‌ఎల్, 43ఎక్స్ సరిగ్గా సరిపోతాయి. షాపులో చేతిలోకి తీసుకున్నప్పుడు డీలర్‌ని అడిగి, ఖాళీగా ఉందని అతను చూపించాక మీరూ చూసుకుని, గొట్టం నేల వైపు పెట్టి పట్టుకోండి. మూడు వేళ్ళూ పట్టు మీద ఆనుతున్నాయా, చూపుడువేలు మొదటి కణుపు మధ్యలో ట్రిగ్గర్ తగులుతోందా, బొటనవేలితో మ్యాగజైన్ బటన్ అందుతోందా, ఇవి చూసుకోండి. మూడింట్లో ఏది కొన్నా నమ్మకంగా పనిచేస్తుంది. తేడా అంతా చెయ్యి దగ్గరే.

గన్ చిన్నదైతే కాల్చినప్పుడు చేతికి దెబ్బ తక్కువ తగులుతుందని చాలామంది అనుకుంటారు. ఇది పూర్తిగా తలకిందులు. అదే తూటా తేలికైన గన్‌లోంచి వెళితే చేతికి తగిలే దెబ్బ ఎక్కువ. మీ షాపు పెద్దాయన చెప్పిన రివాల్వర్ బహుశా స్మిత్ అండ్ వెసన్ 642 లాంటిది అయి ఉంటుంది: .38 స్పెషల్, ఐదు రౌండ్లు, 400 గ్రాముల బరువు, జేబులో పట్టేస్తుంది. నొక్కితే పేలుతుంది, స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కి జరిగే భాగం) లాగే గొడవ లేదు, నిజమే. కానీ ట్రిగ్గర్ చాలా గట్టి, లాగాల్సిన దూరం ఎక్కువ, గురి చూసుకునే కమ్మీ చిన్నది, దెబ్బ గట్టిగా తగులుతుంది. ఎంతో అనుభవం ఉన్నవాళ్ళు కూడా దాంతో ఏడు గజాల దగ్గర గురి నిలబెట్టడానికి కష్టపడతారు. కొత్తవాళ్ళు ఒక పెట్టె కాల్చి మళ్ళీ రేంజ్ మొహం చూడరు. ఆడవాళ్ళకి చిన్న రివాల్వర్ బాగుంటుందని కౌంటర్ వెనక నుంచి చెప్పే సలహా నాకు కోపం తెప్పిస్తుంది. అందరికన్నా కష్టమైన గన్‌ని అందరికన్నా కొత్తవాళ్ళ చేతిలో పెట్టడం అది.

రూగర్ ఎల్‌సీపీ లాంటి, .380 తూటా వాడే బుల్లి పిస్టల్స్ సంగతీ అంతే. పావుకిలో బరువు, ప్యాంట్ జేబులో ఉన్నట్టే తెలీదు. మూడేళ్ళు సాధన చేశాక రెండో గన్‌గా కొనుక్కోండి.

మీ ఆవిడ విషయంలో ముందు ఆవిడని రేంజ్‌కి తీసుకెళ్ళి ఆవిడనే ఎంచుకోనివ్వండి. "స్లైడ్ లాగలేను" అనేది నేను తరచూ వినే మాట. చాలాసార్లు అది బలం సమస్య కాదు, పద్ధతి సమస్య. పిస్టల్ రొమ్ముకి దగ్గరగా తెచ్చి, గొట్టం సురక్షితమైన వైపు ఉంచి, ఎడమ చేతి నాలుగు వేళ్ళతో స్లైడ్ వెనక భాగాన్ని పైనుంచి గట్టిగా పట్టుకోవాలి. అప్పుడు ఎడమ చేత్తో వెనక్కి లాగుతూ కుడి చేత్తో పిస్టల్‌ని ముందుకి తొయ్యాలి. చేతులు చాపి, బొటనవేలు చూపుడువేలుతో గిల్లినట్టు లాగితే ఎవరికీ రాదు. పద్ధతి సరిచేశాకా కష్టంగానే ఉంటే స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజెడ్ చూడండి, 2018లో .380లో, 2020లో 9 ఎంఎంలో వచ్చింది. స్లైడ్ చాలా తేలిగ్గా కదులుతుంది. పట్టు వెనక ఒక మీట ఉంటుంది, గట్టిగా పట్టుకుంటేనే అది లోపలికి పోయి గన్ పేలుతుంది, ఆ పట్టు అలవాటు చేయాలి. ఇద్దరికీ ఒకే గన్ కుదరకపోతే రెండు కొనండి, రాజీపడి ఇద్దరికీ సరిపడనిది ఒకటి కొనడం దండగ.

9 ఎంఎం సరిపోతుందా, అంతకన్నా పెద్ద .45 తూటా అక్కర్లేదా అని కూడా రాశారు. 1986లో మయామీలో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లని పోగొట్టుకున్నాక ఎఫ్‌బీఐ ఈ ప్రశ్న మీద చాలా పరీక్షలు చేసింది. పెద్ద తూటా వైపు వెళ్ళి, .40 వాడి, చివరికి తూటాల తయారీ మెరుగుపడ్డాక మళ్ళీ 9 ఎంఎంకే వచ్చింది. వాళ్ళ పరీక్షలో తూటా జెల్ దిమ్మలో 12 నుంచి 18 అంగుళాల లోతుకి వెళ్ళాలి. ఇప్పటి మంచి హాలో పాయింట్ (కొనలో గుంట ఉండే) 9 ఎంఎం తూటాలు అది చేస్తాయి. సాధనకి మామూలు ఫుల్ మెటల్ జాకెట్ (గుంట లేకుండా లోహపు తొడుగు ఉండే) తూటాలు వాడండి, పెట్టుకుని తిరిగేటప్పుడు స్పీర్ గోల్డ్ డాట్, ఫెడరల్ హెచ్‌ఎస్‌టీ లాంటి హాలో పాయింట్ తూటాలు. హాలో పాయింట్ ఒంట్లో విచ్చుకుని ఆగే అవకాశం ఎక్కువ. మామూలు తూటా అవతలికి దూసుకెళ్ళి చిప్స్ అర వెనకున్న కస్టమర్‌కి తగలొచ్చు. మీరు పెట్టుకుని తిరగబోయే తూటాలనే మీ పిస్టల్‌లో కొన్ని పెట్టెలు కాల్చి, ఎక్కడా ఇరుక్కోవడం లేదని చూసుకున్నాకే నమ్మండి.

హోల్స్టర్ దగ్గర మనవాళ్ళు పొదుపు చేస్తారు. ఆరు వందల డాలర్ల గన్ కొని పదిహేను డాలర్ల గుడ్డ సంచీలో పెడతారు. దయచేసి అలా చేయకండి. మీ మోడల్ కోసమే అచ్చుపోసిన గట్టి కైడెక్స్ (ఒకరకం ప్లాస్టిక్) హోల్స్టర్, ట్రిగ్గర్ చుట్టూ పూర్తిగా మూసి ఉండేది, దానికి తోడు మెత్తబడని మందపాటి గన్ బెల్ట్, రెండూ కొనండి. నేను చెప్పిన మూడు పిస్టల్స్‌కీ కింద పడి దెబ్బ తగిలితే పేలకుండా లోపల సేఫ్టీలు ఉంటాయి, కానీ ట్రిగ్గర్ నొక్కితే పేలతాయి. నొక్కింది మీ వేలా, చొక్కా అంచా, జాకెట్ తాడా అన్నది గన్‌కి తెలీదు. ఇలాంటి ప్రమాదాలు ఎక్కువగా తీసేటప్పుడు కన్నా తిరిగి పెట్టేటప్పుడు జరుగుతాయి. అందుకని క్లాసులో నేను పట్టుబట్టేది ఇది: వేలు ట్రిగ్గర్ బయట చాపి ఉంచు, ఎడమ చేత్తో చొక్కా పొట్ట పైకి ఎత్తి పట్టుకో, తల వంచి హోల్స్టర్ నోట్లో ఏమీ లేదని చూడు, నెమ్మదిగా లోపలికి దించు. తొందరపడి తిరిగి పెట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. భయంగా ఉంటే షీల్డ్ ప్లస్ బొటనవేలి సేఫ్టీతో కూడా దొరుకుతుంది, తీసుకోండి. తీసేటప్పుడు దాన్ని దించడం చేతికి అలవాటయ్యేదాకా సాధన చేయాలి.

నడుము మీద ఎక్కడ అన్నది మీ ఒళ్ళు చెబుతుంది. పొట్ట ఉన్నవాళ్ళకి ముందు పెట్టుకుంటే కూర్చున్నప్పుడు గుచ్చుకుంటుంది, కుడి తుంటి వెనక్కి పెట్టుకుంటే సుఖం. కానీ వంగినప్పుడు వెనక చొక్కా కింద అచ్చు కనబడుతుంది, ఐస్ బస్తా ఎత్తేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్ళ మీద దిగడం నేర్చుకోవాలి. కొన్నాక మొదటి వారం ఖాళీ గన్‌తో ఇంట్లో తిరగండి, అద్దం ముందు చేతులు పైకెత్తండి, నేల మీద కూర్చుని లేవండి.

నేల మీద కూర్చోవడం అన్నది మనకి తరచూ జరిగేదే. సత్యనారాయణ వ్రతానికి పంచె కట్టుకుని పీటల మీద కూర్చుంటారు, గుళ్ళో సాష్టాంగపడతారు, స్నేహితుల ఇంట్లో పాట్‌లక్‌కి వెళితే పిల్లలు బాబాయ్ అంటూ మీద పడి ఎక్కుతారు. అలాంటి చోటికి గన్ తీసుకెళ్ళొద్దు, ముందే ఇంట్లో సేఫ్‌లో పెట్టి వెళ్ళండి. మందు ఉన్న పార్టీ అయితే అసలు ప్రశ్నే లేదు. మత్తులో ఉండి గన్ పెట్టుకుని బయట తిరగడం టెక్సాస్‌లో నేరం కూడా.

2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో అర్హత ఉన్నవాళ్ళు లైసెన్స్ లేకుండానే గన్ పెట్టుకుని తిరగొచ్చు. అయినా మీరు లైసెన్స్ టు క్యారీ (గన్ పెట్టుకుని తిరగడానికి రాష్ట్రం ఇచ్చే లైసెన్స్) తీసుకోండి. మామూలు ఫీజు 40 డాలర్లు, ఒక పూట క్లాసు, 50 రౌండ్ల పరీక్ష: 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10, మొత్తం 250కి 175 వస్తే పాస్. స్కూలుకి వెయ్యి అడుగుల లోపు రోడ్డు మీద గన్‌తో వెళ్ళడాన్ని ఫెడరల్ చట్టం అడ్డుకుంటుంది, రాష్ట్ర లైసెన్స్ ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది. పిల్లల్ని దింపడానికి స్కూల్ దగ్గరికి వెళ్ళేవాళ్ళకి ఆ ఒక్క కారణం చాలు. పైగా ఎవరి మీద ఎప్పుడు కాల్చడం చట్టం ఒప్పుకుంటుందో క్లాసులో నేర్పిస్తారు. పోలీసు ఆపి ఐడీ అడిగితే, గన్ ఒంటి మీద ఉన్నప్పుడు డ్రైవింగ్ లైసెన్స్‌తో పాటు ఈ లైసెన్స్ కూడా చూపించాలి. చేతులు స్టీరింగ్ మీద ఉంచి, ముందు మాటతో చెప్పి, తర్వాతే జేబులో చెయ్యి పెట్టండి. తలుపు మీద 30.06 అని ఉన్న బోర్డు (దాచి పెట్టుకున్న గన్ తేవద్దని), బార్లలో 51 శాతం బోర్డు (ఆదాయంలో సగానికి పైగా మందు అమ్మకం మీదే అని) కనిపిస్తే లోపలికి తీసుకెళ్ళకూడదు. ఫెడరల్ బిల్డింగులు కూడా అంతే. సిటిజెన్‌షిప్ ఇంటర్వ్యూకి ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్ళే రోజు ఇంట్లో వదిలేయడం మరీ మరీ గుర్తుపెట్టుకోండి.

క్యాష్ సంగతి ఒక్క మాట. బ్యాగ్ ఇమ్మని గన్ చూపిస్తే బ్యాగ్ ఇచ్చేయండి. చేతిలో గన్ ఉన్నవాడి ముందు చొక్కా ఎత్తి పిస్టల్ తీసే టైం మీకు ఉండదు. డబ్బు తీసుకుని పోకుండా ప్రాణం మీదికి వచ్చినప్పటి కోసం మీ గన్. రోజూ అదే టైంకి అదే బ్యాగ్‌తో వెళ్ళడం మానేసి, డ్రాప్ సేఫ్ (క్యాష్ ఎప్పటికప్పుడు సందులోంచి లోపలికి వేసేసే సేఫ్) పెట్టించి, పగటిపూట బ్యాంకుకి వెళ్ళేలా మార్చుకుంటే మీకు పిస్టల్ కన్నా అదే ఎక్కువ కాపాడుతుంది. పార్కింగ్‌లో లైట్లు కూడా వేయించండి.

అమ్మానాన్నల విషయం. వాళ్ళు బీ2 మీద వస్తారు కాబట్టి గన్ వాళ్ళ చేతికి అందే చోట ఉండకూడదు. సేఫ్ కోడ్ వాళ్ళకి చెప్పొద్దు. నాన్నగారు ముచ్చటపడి "ఏదీ, ఒకసారి చూపించు" అంటే ఫోన్లో బొమ్మ చూపించండి, చేతికివ్వొద్దు, రేంజ్‌కి తీసుకెళ్ళొద్దు. పిల్లల గురించి టెక్సాస్ చట్టం వేరుగా ఉంది, 17 ఏళ్ళ లోపు పిల్లలకి లోడ్ చేసిన గన్ దొరికేలా వదిలేస్తే పెద్దవాళ్ళ మీద కేసు. బీరువాలో పట్టుచీరల కింద దాచడం దాచడం కాదు. అమ్మ ఊరి నుంచి రాగానే మొదట సర్దేది ఆ బీరువానే. బోల్టులతో గోడకో మంచానికో బిగించిన, వేళ్ళతో నొక్కి తెరిచే చిన్న సేఫ్ కొనండి. రాత్రి ఇంటికి రాగానే హోల్స్టర్‌తో సహా తీసి అందులో పెట్టేస్తే, గన్‌ని బయట పట్టుకునే పని కూడా తగ్గుతుంది. శుభ్రం చేసేటప్పుడు మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి, ఛాంబర్‌లో (కాల్చే ముందు తూటా కూర్చునే చోట) కంటితో చూసి, వేలు పెట్టి తడిమి, తూటాలన్నీ పక్క గదిలో పెట్టాకే మొదలుపెట్టండి. చదువుకోడానికి వచ్చిన మన తెలుగు కుర్రాడొకడు 2024లో గన్ శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయిన వార్త చదివినప్పటి నుంచి, ఈ మాట క్లాసులో రెండుసార్లు చెబుతున్నాను.

ఇక ప్రయాణాలు. న్యూజెర్సీలో ఎడిసన్‌లో బంధువులున్నారని కూడా రాశారు. న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియా మీ టెక్సాస్ లైసెన్స్‌ని గుర్తించవు. పదికి మించి రౌండ్లు పట్టే మ్యాగజైన్ ఆ మూడు చోట్లా నేరమే, న్యూజెర్సీలో హాలో పాయింట్ తూటాల మీద కూడా ఆంక్షలున్నాయి. అటు కార్లో వెళితే గన్ ఇంట్లో వదిలేయండి. దేశంలో విమానంలో తీసుకెళ్ళాలంటే ఖాళీ చేసి, గట్టి పెట్టెలో తాళం వేసి, కౌంటర్‌లో చెప్పి చెకిన్ చేయాలి.

ఇండియాకి వెళ్ళేటప్పుడు మీరు గన్ ఎలాగూ తీసుకెళ్ళరు. ప్రమాదం తూటాలతో. రేంజ్‌కి వాడిన బ్యాక్‌ప్యాక్ పక్క జేబులో, కుట్టు సందులో ఒక్క 9 ఎంఎం తూటా మిగిలిపోయినా శంషాబాద్‌లో స్కానర్‌లో పడుతుంది. ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు, మీ తిరుగు ప్రయాణం ఆగిపోతుంది. అందుకని మొదటి రోజే రేంజ్‌కని వేరే బ్యాగ్ కొని, దాని మీద పెద్దగా రాసి గరాజ్‌లో పెట్టండి. దాన్ని ఇంకే పనికీ వాడొద్దని ఇంట్లో అందరికీ చెప్పండి.